మెట్లు కూలిపోయాయి, నిచ్చెన వేయండి

నారపేట జనపనార గోడౌనుకి అంటుకున్న మంట, జిల్లాలో అత్యవసర సేవల వాళ్ళకి ఏ డిజిటల్ వైర్‌లెస్ కొనాలో తేలేవరకు అలాగే వెలుగుతూ ఉండడానికి ఒప్పుకుంది. ఒప్పుకోవడమంటే ఎక్కడో సంతకం పెట్టిందని కాదు. కలెక్టరాఫీసు వాళ్ళు వచ్చి గోడౌను గేటుకి నోటీసు అంటించి వెళ్ళారు, మంట ఆ నోటీసుని కాల్చలేదు. ఆఫీసుల్లో దీన్నే అంగీకారం అంటారు. ఆ రోజునుంచి అది కింది రెండు అంతస్తుల్లోనూ బుద్ధిగా మండుతూ, పక్కనున్న పప్పుల మిల్లు జోలికి పోకుండా, తన హద్దుల్లో తను ఉండిపోయింది. రెండో శనివారాలు కాస్త తగ్గేది కూడా.

మంటకి పైన, మూడో అంతస్తులో గవిరినాయుడు ఉన్నాడు.

అతను నారపేట ఫైర్ స్టేషన్లో లీడింగ్ ఫైర్‌మన్. మంట అంటుకున్న పూట, పైన కూలీలెవరైనా చిక్కుకున్నారేమో చూసి వస్తానని పాత వైర్‌లెస్ సెట్టు భుజాన తగిలించుకుని ఎక్కాడు. పైన ఎవరూ లేరు. ఆ మాటే సెట్టులో చెప్పి దిగబోతుంటే మెట్లు కూలిపోయాయి. సరిగ్గా ఆ మధ్యాహ్నమే రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. పాత సెట్లన్నీ రద్దు. ఇకమీదట ఆమోదం పొందిన డిజిటల్ సెట్టు లేకుండా ఏ ఫైర్‌మనూ పొగలోకి వెళ్ళి ఎవరినీ కాపాడరాదు. ఏ సెట్టుకి ఆమోదం ఇవ్వాలో కమిటీ తేలుస్తుంది. ఈ ఉత్తర్వులో తప్పు పట్టడానికేమీ లేదు. అంతకుముందెప్పుడో ఇంకో ఊళ్ళో పాత సెట్టు మూగబోయి, పొగలో దారి తెలియక ఒక ఫైర్‌మన్ పోయాడు. అలాంటివాళ్ళని కాపాడడానికే ఉత్తర్వు వేశారు. కాబట్టి గవిరినాయుడు నిబంధనల ప్రకారమే లోపలికి వెళ్ళాడు, నిబంధనల ప్రకారమే లోపల ఉండిపోయాడు.

కంట్రోల్ రూము గోడౌనుకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల ఉంది. అందులో సెట్టు దగ్గర కూర్చునే ఆపరేటరు నూకరత్నం. స్టేషన్లో చిన్నా పెద్దా అందరూ ఆవిడని, అక్కా అన్నట్టుగా, అప్పా అనే పిలుస్తారు. మెట్లు కూలినప్పుడు గవిరినాయుడి గొంతు మొదట విన్నది ఆవిడే.

"అప్పా, మెట్లు కూలిపోనాయి. నిచ్చెన ఎయ్యండి."

"ఐదుకి మూడు, తమ్ముడూ," అంది నూకరత్నం.

సెట్టు మీద పనిచేసేవాళ్ళకి అదొక పద్ధతి. అవతలినుంచి ఎవరు పిలిచినా, ఏం చెప్పినా, ముందు ఆ గొంతు ఎంత స్పష్టంగా వినబడిందో ఐదుకి ఇంత అని మార్కు చెప్పాలి. తక్కిన సంగతి ఆ తర్వాతే. కొంప మునుగుతున్నా ముందు మార్కు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇది ఎవరికైనా వింతగానే ఉంటుంది, పోనుపోను నోటికి అలవాటైపోతుంది. నూకరత్నం ఇంట్లో మొగుడు వీధిలోంచి కేకేసినా వంటింట్లోంచి "ఐదుకి నాలుగు" అనేది. ఆయన ఏం తెమ్మన్నాడో మాత్రం ఒక్కోసారి మర్చిపోయేది. మార్కు చెప్పేశాక ఎలాగూ సగం పని అయిపోయినట్టే ఉంటుంది కదా.

గవిరినాయుడి భార్య ఎర్నమ్మ రోజూ క్యారియరు పట్టుకొచ్చేది. గోడౌను వెనకవైపు, మంట లేని గోడకి, మూడో అంతస్తు కిటికీలోంచి గవిరినాయుడు తాడు వదిలేవాడు. ఎర్నమ్మ దానికి క్యారియరు కట్టేది, అతను లాక్కునేవాడు. అదే తాడు పట్టుకుని మొగుణ్ణి దిగమనొచ్చు కదా అని ఆవిడ స్టేషన్ ఆఫీసరు దాలినాయుడిని అడిగింది. దాలినాయుడు చెడ్డవాడు కాదు. విసుక్కోకుండా వివరంగా చెప్పాడు.

"చూడమ్మా, అన్నం పైకెక్కడం క్యాంటీన్ పని. మనిషి కిందికి దిగడం రెస్క్యూ. క్యాంటీనుకి వైర్‌లెస్ అక్కర్లేదు, రెస్క్యూకి కావాలి. ఇందులో నా చేతిలో ఉన్నదేటి?"

"అయితే మా ఆయన్ని క్యారియరులో పెట్టి దించీయండి బాబూ," అంది ఎర్నమ్మ.

దాలినాయుడు దీని గురించి నిజంగానే పైకి రాశాడు. క్యారియరు గిన్నె కొలతలు పంపమని జవాబు వచ్చింది.

కమిటీకి అధ్యక్షుడు ముక్తేశ్వరరావు గారు. దేశంలో ఎన్నో రాష్ట్రాలకి వైర్‌లెస్ ఎంపిక చేసిన మనిషి. నెమ్మదిగా మాట్లాడతారు, ఎవరినీ ఏకవచనంతో పిలవరు, కాఫీలో చక్కెర వేసుకోరు. ఆయన వచ్చి గోడౌనుని రోడ్డు మీదినుంచే నఖశిఖపర్యంతం చూసి చాలా సంతోషపడ్డారు. ఇంతవరకు ఎక్కడా వైర్‌లెస్‌ని నిజమైన మంటలో, నిజంగా చిక్కుకున్న మనిషితో పరీక్షించే భాగ్యం తనకి కలగలేదన్నారు. బడ్జెట్లో ఎంత అడిగినా ఇలాంటి ఏర్పాటు చేయలేమట. అది విని ఎర్నమ్మ ఆయనకి దండం పెట్టింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు అని మనవాళ్ళొక సామెత చెబుతారు. ముక్తేశ్వరరావు గారికి చుట్ట అలవాటు లేదు.

పరీక్ష న్యాయంగా జరగాలంటే అన్ని కంపెనీల సెట్లలోనూ ఒకే మనిషి, ఒకే వాక్యం పలకాలి. "మెట్లు కూలిపోయాయి, నిచ్చెన వేయండి" అన్నదాన్ని కమిటీ ప్రామాణిక వాక్యంగా తీసుకుంది. గవిరినాయుడు పరీక్ష పూర్తయ్యేవరకు ఇంకే వాక్యమూ పలకకూడదని ఉత్తర్వు తయారైంది, దాన్ని క్యారియరులో అన్నం గిన్నె కింద పెట్టి, కంపెనీల సెట్లని అదే తాడుకి కట్టి పంపారు. అతను క్రమశిక్షణ గల ఫైర్‌మన్. కమిటీ సెట్లలో ఆ వాక్యం తప్ప వేరే మాట అనలేదు. రద్దయిపోయిన పాత సెట్టు మాత్రం అతని దగ్గరే ఉంది, నూకరత్నం బల్ల మీద దాని జోడు ఉంది. రద్దయిన సెట్టులో మాట్లాడితే మాట్లాడినట్టు లెక్క కాదు కనుక, అందులో వాళ్ళిద్దరూ నిశ్చింతగా మాట్లాడుకునేవారు.

"నేల కాల్తంది అప్పా. గోనెలు తడిపి పరుసుకున్నాను."

"ఐదుకి రెండు. నీళ్ళున్నాయా?"

"ఎర్ని పంపిన బిందెడున్నాయి. నిచ్చెన మాటేటయింది?"

"ఎంపిక అవుతోంది తమ్ముడూ."

పాత సెట్టులో గరగర చాలా ఎక్కువ. కొత్తవాళ్ళకైతే చెవి పోటు వస్తుంది. కానీ ఇన్నేళ్ళ అలవాటులో నూకరత్నానికి ఆ గరగరలోనే సగం సంగతులు తెలిసిపోయేవి. జనపనార చిటపటలాడితే మంట పొడిగోనెల మీదికి వెళ్ళిందని, బుసబుసమంటే తడి గోనెల దగ్గర ఆగిందని, గవిరినాయుడి మాటకీ మాటకీ మధ్య ఊపిరి పొట్టిదైతే పొగ పైకి ఎక్కుతోందని. ఒకరోజు ఆ గరగర వెనకనుంచి టేకు దూలం ఒకటి పెళపెళా విరగడం ఆవిడకి వినబడింది. గవిరినాయుడు ఆ సంగతి చెప్పలేదు. ఆవిడ భయపడుతుందని దాచాడు.

ఆ రోజు ఆవిడ తిన్నగా ముక్తేశ్వరరావు గారి దగ్గరికి వెళ్ళింది.

"సార్, కింద దూలాలు విరుగుతున్నాయి. మూడో అంతస్తు ఎంతోకాలం నిలవదు. నిచ్చెన మా షెడ్డులోనే ఉంది. ఒక్కసారి వేసేసి అతన్ని దించుకుంటే తర్వాత మీ పరీక్షలు తీరుబడిగా చేసుకోవచ్చు."

ముక్తేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "దూలం విరిగిన శబ్దం మీరు ఎందులో విన్నారమ్మా?"

"పాత సెట్టులో."

"మరి అది విన్నట్టు కాదు కదా. పోనీ, విన్నారనే అనుకుందాం. నిచ్చెన వేసేస్తే మన ప్రామాణిక వాక్యం ఏమవుతుంది? నిచ్చెన ఉండగా నిచ్చెన వేయండి అంటే అది అబద్ధం. అబద్ధపు వాక్యంతో పరీక్ష చేసి, రేపు ఈ రాష్ట్రంలో ఫైర్‌మన్ల ప్రాణాలు దాని మీద పెట్టమంటారా? మీరే చెప్పండి."

నూకరత్నం తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆవిడకి ఆయన మీద కోపం రాలేదు, అదే ఆవిడని ఎక్కువ బాధపెట్టింది. కోపం రావడానికి ఆయన మాటలో ఎక్కడా సందు దొరకలేదు.

మొదటి కంపెనీ సెట్టు సొంత టవర్ల మీద పనిచేసేది. ఎవరి మాటకి ఎంత విలువో అందులో ముందే నిర్ణయించి ఉంటుంది. పెద్దాఫీసరు బటను నొక్కగానే చిన్న ఉద్యోగి మాట దానంతటదే ఆగిపోతుంది. పరీక్ష రోజున గవిరినాయుడు "మెట్లు కూలిపో" అనేసరికి, పై ఆఫీసులో ఎవరో బటను నొక్కి మీటింగుకి సమోసాలు ఎన్ని చెప్పారని అడిగారు. గవిరినాయుడి వాక్యం అక్కడితో తెగిపోయింది, చెవికి ఇంపుగా ఒక చిన్న గంట మోగింది. ఇది లోపం కాదు, సదుపాయం అన్నాడు కంపెనీ ప్రతినిధి. కమిటీ కూడా అలాగే అనుకుంది. మన వాడుకకి ఇంత దగ్గరగా వచ్చిన పరికరాన్ని తాను చూడలేదన్నారు ముక్తేశ్వరరావు గారు.

రెండో కంపెనీ సెట్టు సెల్‌ఫోన్ల నెట్‌వర్కు మీద నడిచేది. టవర్లు కట్టే ఖర్చు లేదు, ఫోను పలికే చోటల్లా పలుకుతుంది. పరీక్ష చూడ్డానికి ఊరంతా వచ్చి గోడౌను ముందు నిలబడి చుట్టాలకి వీడియోలు పంపడం మొదలుపెట్టింది. నెట్‌వర్కు కాస్తా కిక్కిరిసిపోయి సెట్టు ఉలుకూ పలుకూ లేకుండా ఊరుకుంది. అత్యవసర పరిస్థితి లేని సమయాల్లో మా సెట్టుకి తిరుగులేదని రెండో ప్రతినిధి ధైర్యంగా చెప్పాడు. ఏడాదిలో అత్యవసర పరిస్థితి ఉండని రోజులే ఎక్కువ కనుక కమిటీ ఈ మాటని తేలిగ్గా తీసిపారేయలేదు. పైగా అతను ఒక ఫిర్యాదు కూడా ఇచ్చాడు. తమ వంతు వచ్చిన రోజున మంట మొదటి కంపెనీ రోజుకన్నా పెద్దగా ఉందని, ఇది పోటీ నియమాలకి విరుద్ధమని.

ఫిర్యాదులో న్యాయం ఉంది. అందువల్ల మంట అన్ని కంపెనీలకీ ఒకే ఎత్తున ఉండాలని, ఆ బాధ్యత ఫైర్ స్టేషనుదేనని నిర్ణయించారు. దాలినాయుడు తన మనుషులకి డ్యూటీలు వేశాడు. పొద్దున్నే వాళ్ళు యూనిఫారాలు తొడుక్కుని, శిరస్త్రాణాలు పెట్టుకుని, పక్క షెడ్డులోంచి జనపనార బేళ్ళు మోసుకొచ్చి కిటికీల్లోంచి మంటలోకి వేసేవారు. మొదట్లో ఒక్కో బేలూ వేసి మొహం పక్కకి తిప్పుకునేవారట. వారం తిరిగేసరికి ఎవరి బేలు బాగా అంటుకుందో పందేలు వేసుకున్నారు. ఉద్యోగమన్నాక నిప్పుతో పని తప్పదు, ఆర్పడమా ఎగదోయడమా అన్నది పైవాళ్ళు చూసుకునే సంగతి.

నూకరత్నం మాత్రం అలవాటు పడలేకపోయింది. పొద్దున్న బేళ్ళు పడగానే పాత సెట్టులో గవిరినాయుడి ఊపిరి పొట్టిదైపోయేది. ఒకరోజు బేళ్ళు వేసి వచ్చి చేతులు కడుక్కుంటున్న దాలినాయుడి ముందు నిలబడింది.

"బాబూ, నువ్వూ నేనూ ఒకే ఏడు చేరాం. ఆ గవిరిగాడికి ఎక్కడం నేర్పింది నువ్వు. నిచ్చెన తియ్యి. తర్వాత వచ్చేది ఏదైనా ఇద్దరం పడదాం."

దాలినాయుడు చాలాసేపు కుళాయి కట్టలేదు. తర్వాత షెడ్డు వైపు నడిచాడు.

కమిటీ వాళ్ళు భోజనాలకి వెళ్ళిన సమయం చూసి నలుగురు కలిసి నిచ్చెన మోసుకొచ్చి వెనక గోడకి ఆనించారు. గవిరినాయుడు కిటికీలోంచి ఒక కాలు బయటపెట్టాడు. అప్పుడు మంటకి కోపం వచ్చింది. ఎంపిక తేలేవరకు ఆగుతానని అది మాట ఇచ్చింది, ఇచ్చిన మాట మీద నిలబడింది. మాట తప్పింది మనుషులు. అది ఒక్కసారి లేచి పప్పుల మిల్లు కప్పు అంచుని అంటుకుంది, మిల్లు ఓనరు గుండెలు బాదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"తీసీయండప్పా," అన్నాడు గవిరినాయుడు పైనుంచి. "నా ఒక్కడి కోసం ఆల నోట్లో మట్టి కొట్టీకండి." కాలు లోపలికి తీసేసుకున్నాడు.

నిచ్చెన తీసేశారు. మంట వెంటనే తగ్గి తన హద్దులోకి వెళ్ళిపోయింది. దాలినాయుడికి మెమో వచ్చింది. మంట చూపిన నిబద్ధతని మెచ్చుకుంటూ కమిటీ ఒక తీర్మానం చేసింది. ఆ మధ్యాహ్నం నూకరత్నం కంట్రోల్ రూము తలుపు వేసుకుని ఏడ్చింది. అతని కాలు బయటికి రావడం ఆవిడ కళ్ళారా చూసింది. బూటు అడుగు కరిగిపోయి ఉంది.

మూడో కంపెనీ వంతు వచ్చింది. వాళ్ళ సెట్టుకి టవరు అక్కర్లేదు, నెట్‌వర్కు అక్కర్లేదు, సెట్టుకీ సెట్టుకీ సూటిగా మాట పోతుంది. అంతకన్నా పెద్ద విశేషం ఇంకొకటి ఉంది. అది మనిషి మాటని తప్ప ఇంక దేన్నీ పోనివ్వదు. గాలి హోరు, బండ్ల రొద, జనం గోల, ఏవైనా సరే, లోపలున్న చిన్న చిప్పు ఏరి పారేస్తుంది. కమిటీ వాళ్ళు టౌన్‌హాల్లో చల్లగా కూర్చుని విన్నారు. గవిరినాయుడు పక్క కుర్చీలో కూర్చుని చెబుతున్నట్టుగా వినబడింది.

"మెట్లు కూలిపోయాయి. నిచ్చెన వేయండి."

అతను ఎప్పటిలాగే దగ్గుతూ చెప్పాడు, దగ్గు రాలేదు. అరిచి చెప్పాడు, అరుపు రాలేదు. మంట గాండ్రింపు మచ్చుకైనా లేదు. కాఫీకి రమ్మని పిలిచినంత నెమ్మదిగా ఉంది గొంతు. ముక్తేశ్వరరావు గారు కళ్ళు మూసుకుని ఇంకోసారి చెప్పించుకున్నారు. ఆ తర్వాత ఇంకోసారి. నూకరత్నం కూడా వరసలో చివర కూర్చుని వింటోంది. ఎవరూ అడక్కుండానే, ఉద్యోగ జీవితంలో మొదటిసారి, ఆవిడ నోట్లోంచి పూర్తి మార్కు వచ్చింది.

"ఐదుకి ఐదు."

అందరూ చప్పట్లు కొట్టారు. మూడో సెట్టు ఎంపికైంది.

నూకరత్నం లేచి నిలబడింది. "అయితే ఇప్పుడు ఆమోదం ఉన్న సెట్టు వచ్చినట్టేనా సార్? నిచ్చెన వేసుకోవచ్చా?"

"తప్పకుండా," అన్నారు ముక్తేశ్వరరావు గారు. "ముందు మంట ఏ స్థితిలో ఉందో చూద్దాం. నిబంధన ఏమంటోందంటే, లోపలున్న మంట స్థితిని ఆమోదం పొందిన సెట్టు ద్వారా వచ్చే సమాచారాన్ని బట్టే నిర్ధారించాలి. దాలినాయుడు గారూ, మీకు మంట వినబడిందా?"

దాలినాయుడికి అంతకుముందే ఒక మెమో ఉంది. నిజానికి మెమో లేకపోయినా ఆయన అబద్ధం చెప్పలేడు. "లేదండీ," అన్నాడు. "మంటయితే వినబళ్ళేదు."

"నాకూ వినబడలేదు. అమ్మా, మీకు?"

నూకరత్నం తల అడ్డంగా ఊపింది. నిజంగానే వినబడలేదు.

మంట ఆరిపోయినట్టు ఆ సాయంత్రమే ధ్రువపత్రం తయారైంది. మంట లేదు కనుక అది ఇక రెస్క్యూ కాదు. మెట్లు లేకపోవడం మామూలు కట్టడం పని, దానికి రోడ్లు భవనాల శాఖ వేరే ఉంది, అంచనాలు వేయించి పంపమని వాళ్ళకి రాశారు. మంటలో చిక్కుకున్నవాడికి క్యాంటీను సదుపాయం ఇవ్వొచ్చు, ఖాళీ గోడౌనులో ఊరికే కూర్చున్నవాడికి ఎలా ఇస్తారు? అందుకని తాడు తీయించేశారు. గేటుకి అంటించిన నోటీసు కూడా చింపేశారు. దాంతో మంట ఇచ్చిన మాట తీరిపోయింది, అది తన ఇష్టం వచ్చినట్టు పప్పుల మిల్లులోకి వెళ్ళింది, అక్కడినుంచి వీధిలోకి వెళ్ళింది. మిల్లు ఓనరు కంట్రోల్ రూముకి పరిగెత్తుకొచ్చి గోల పెడితే, వ్యాపారులని కూడా వృత్తిరీత్యా ఈ సెట్లు వాడదగినవాళ్ళుగా గుర్తించారని చెప్పి ఆయనకొక కొత్త సెట్టు ఇచ్చారు. ఆయన దాంట్లో గోల పెట్టాడు. వినడానికి చాలా మర్యాదగా ఉంది.

పాత సెట్లు పట్టుకెళ్ళడానికి లారీ వచ్చిన రోజున నూకరత్నం తన బల్ల మీది సెట్టుకి చివరిసారి చెవి ఆనించింది. గరగరలో ఇంతకుముందు ఎప్పుడూ లేని శబ్దాలు ఉన్నాయి. లారీ మనిషి మర్యాదగా ప్లగ్గు పీకి సెట్టుని అట్టపెట్టెలో పెట్టుకున్నాడు. ఆవిడ కొత్త హెడ్‌ఫోను తగిలించుకుంది. చెవులకి మెత్తగా, హాయిగా ఉంది.

"అప్పా, ఇనబడతన్నానా?"

"ఐదుకి ఐదు, తమ్ముడూ."

"నాకూ బాగా ఇనబడతన్నావు. ఒక్క సంగతి సెప్పు. ఈ సెట్టు సెవిలో ఎట్టుకుంటే మంట సప్పుడే నేదు. పొగకి కళ్ళు తెరవనేకపోతన్నాను, సూడనేను. మంట ఉందా, ఆరిపోనాదా?"

నూకరత్నం కిటికీలోంచి చూసింది. గోడౌను రెండో అంతస్తు కిటికీల్లోంచి మంట నాలుకలు మూడో అంతస్తు గోడని తడుముతున్నాయి. ఉందని చెబితే అతను ఏం చేస్తాడు? దూకుతాడు, కింద పట్టుకునేవాళ్ళు లేరు. లేదని చెబితే కూర్చుంటాడు. ధ్రువపత్రం ఎదురుగా గోడకి తగిలించి ఉంది. ఆవిడ ఆ బిడ్డకి ఒక్క నిజం చెప్పాలని ఎంతగానో అనుకుంది, అనుకుంటూనే నోరు తెరిచింది.

"ఆరిపోయింది తమ్ముడూ. కాయితం కూడా వచ్చింది."

"అమ్మయ్య," అన్నాడు గవిరినాయుడు. "నేలొకటే కొంచెం ఎచ్చగుంది."

"అది రోడ్లు భవనాల వాళ్ళు చూస్తారు."

ఆ వారంలో జిల్లా అంతటా కొత్త సెట్లు పంచారు. అంబులెన్సుల వాళ్ళకి, వరద గట్ల మీది కాపలావాళ్ళకి, గనుల్లో దిగేవాళ్ళకి. నూకరత్నం హెడ్‌ఫోనులో జిల్లా అంతా ఎంతో ప్రశాంతంగా ఉంది. నీళ్ళు మెడదాకా వచ్చాయని ఒక గొంతు, పురిటినొప్పుల మనిషితో బండి దారిలో ఆగిపోయిందని ఇంకో గొంతు, రెండూ ఒకే నిదానంతో, ఒకే స్పష్టతతో చెప్పేవి. ఆవిడ ఒక్కొక్కరికీ ఐదుకి ఐదు చెప్పేది. పాత రోజుల్లో మూడూ రెండూ చెప్పినప్పుడు మనసు పీకేది, ఎవరినో పంపించి ఏదో చేయాలనిపించేది. ఇప్పుడు ఐదు చెప్పాక చేయడానికేమీ మిగిలినట్టు ఉండేది కాదు. అవతలివాళ్ళు కూడా సంతృప్తిగా సరేనని సెట్టు పెట్టేసేవారు.

ఎర్నమ్మకి కూడా ఒక సెట్టు ఇచ్చారు. క్యారియరు లేదు కనుక, మొగుడికి వండిన కూర పేరు చెప్పేది. ఆనపకాయ పులుసు పెట్టానని చెప్పేది, ఎండు రొయ్యలు వేశానని చెప్పేది. పోపు చప్పుడైనా వింటాడని సెట్టుని మూకుడు దగ్గర పెట్టింది గానీ అది మనిషి మాట కాదు కనుక పోలేదు. అప్పుడు తనే నోటితో చెప్పింది, సుయ్యిమంటందని.

కొన్నాళ్ళకి ఎర్నమ్మ కంట్రోల్ రూముకి వచ్చింది. వీధి అవతల ఇళ్ళు కూడా అంటుకున్నట్టుంది, తలుపు తీయగానే ఆవిడ వెనకే పొగ లోపలికి వచ్చింది. నూకరత్నం ఆవిడకి కుర్చీ చూపించింది.

"మా ఆయన ఎప్పుడొస్తాడప్పా?"

"మాట్లాడుతున్నాడా నీతో?"

"మాటాడతన్నాడు. పొద్దున్న కూడా మాటాడినాడు."

"బాగా వినబడుతున్నాడా?"

"పక్కన కూకున్నట్టే ఇనబడతన్నాడు."

"మరింకేటి కావాలమ్మా?" అంది నూకరత్నం. అన్నాక ఆ గొంతు తనది కాదని, చక్కెర లేని కాఫీ తాగే మనిషిదని ఆవిడకి అనిపించింది. వెనక్కి తీసుకోవాలనుకుంది. కానీ మాటలో తప్పు ఎక్కడుందో వెతికితే దొరకలేదు.

ఎర్నమ్మ ఆలోచించింది. ఏదో అడగబోయింది, దగ్గు తెర వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ దగ్గు. ఒంగిపోయి, బల్ల అంచు పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా ఏదో చెబుతోంది గానీ ఒక్క ముక్కా తెలియడం లేదు. నూకరత్నం లేచి ఆవిడ వీపు రాసింది. మంచినీళ్ళిచ్చింది. ఎంతసేపటికీ దగ్గు ఆగలేదు.

"ఇలా తెలియడం లేదమ్మా," అంది చివరికి, జాలిగా. "వసారాలోకి వెళ్ళి సెట్టులో చెప్పు. అందులోనైతే దగ్గు వినబడదు."

ఎర్నమ్మ తల ఊపి సెట్టు పట్టుకుని బయటికి వెళ్ళింది. పొగలో మనిషి కనబడడం లేదు. నూకరత్నం హెడ్‌ఫోను సర్దుకుని కూర్చుంది. కాసేపటికి ఎర్నమ్మ గొంతు వచ్చింది, శుభ్రంగా, నింపాదిగా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. నూకరత్నం చివరిదాకా విని మార్కు చెప్పింది. తర్వాత ఇంకో పిలుపు వచ్చింది.